కాలి గడ్డ ఊపిరితిత్తులకు చేరకుండా: మందులా, ఫిల్టరా, పంపా?

డాప్లర్ (కాలి రక్తనాళాల స్కాన్) రిపోర్టు చూసి డాక్టర్, "కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. అది కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది" అన్నాక ఇంట్లోవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. ఒకరు సూదులు వేయించాలంటారు, ఒకరు మాత్రలు చాలంటారు. ఈలోగా బెంగళూరులో ఉన్న బంధువు ఫోన్ చేసి, "అక్కడ పొట్టలో ఫిల్టర్ వేస్తారంట, ఒకేసారి పనైపోతుంది, తీసుకొచ్చేయండి" అంటాడు.

ఒకేసారి పనైపోదు. చాలామందికి ఫిల్టర్ అక్కరే ఉండదు. కొద్దిమందికి మాత్రం అదొక్కటే దారి. ఆ కొద్దిమందికి కూడా వేయించుకోవడం ఎంత ముఖ్యమో, సమయానికి తీయించుకోవడమూ అంతే ముఖ్యం. కర్నూలు, అనంతపురం, కడప వైపు వాళ్లకు ఈ రెండోదే అసలు చిక్కు. ఫిల్టర్ కోసం హైదరాబాదో, బెంగళూరో, తిరుపతో, వేలూరో వెళ్లినవాళ్లు కాలు తగ్గాక తీయించుకోవడానికి మళ్లీ అంత దూరం పోవాలి. నొప్పి లేనప్పుడు ఆ ప్రయాణం వాయిదా పడుతూనే ఉంటుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

గడ్డ ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. పిక్కలోనో తొడలోనో ఉన్న లోతు సిరలో గడ్డ పుడుతుంది. రెండు కాళ్ల రక్తమూ పొట్టలో ఒకే పెద్ద సిరలో కలిసి గుండె కుడివైపుకు, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళ్తుంది. గడ్డ ముక్క తెగితే అదే దారిలో పోయి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డం పడుతుంది. మందులు గడ్డను పెరగనివ్వవు, కొత్తది పుట్టనివ్వవు. పాతదాన్ని శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. ఫిల్టర్ చేసేది ఒక్కటే: తెగి వస్తున్న ముక్కను దారిలో ఆపడం. పంపు అంటే కాళ్లకు తొడిగి గాలితో నొక్కే యంత్రం, అది గడ్డ పుట్టకముందు పనికొచ్చే సాధనం.

ఇక డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాల్సినవి. మొదటిది, అన్నిటికన్నా పెద్దది: ఈ మనిషికి రక్తం పలచబడే మందు ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా? తలలో రక్తస్రావం అయినా, కడుపులోంచి రక్తం పోతున్నా, పెద్ద ఆపరేషన్ అప్పుడే అయినా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా మందు ఆపాల్సి రావచ్చు. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే దిగితే పూర్తి డోసుకు డాక్టర్లు వెనకాడతారు. మా వైపు డెంగీ కాలంలో ఇది ఉత్త మాట కాదు. వయసు ఎక్కువనో, మొలలు ఉన్నాయనో, రక్తం తక్కువనో మాత్రమే మందు మానేయరు. "పెద్దాయనకు రక్తం పలచబడితే తట్టుకోలేడు" అనే భయంతో ఇంట్లోవాళ్లే మందు ఆపేయడం చూస్తుంటాం. ఆ భయానికి చాలాసార్లు ఆధారం ఉండదు.

తర్వాత, గడ్డ ఉందా లేక వస్తుందేమోనన్న అనుమానమేనా? ఉంటే తొడలోనా, పిక్కలోనా? పిక్కకే పరిమితమైన చిన్న గడ్డకు ఫిల్టర్ మాటే రాదు, కొందరికి వారం రెండు వారాల్లో మళ్లీ స్కాన్ తీసి చూస్తే సరిపోతుంది. మందు ఇవ్వలేని పరిస్థితి ఎన్నాళ్లుంటుంది, వారమా, నెలా, ఎప్పటికీనా? కిడ్నీలు ఎలా ఉన్నాయి, గర్భమా, క్యాన్సరా? చివరిగా, డాక్టర్ అడగనిది, మీరే చెప్పాల్సినది: మళ్లీ మళ్లీ ఆస్పత్రికి రాగలరా? ఆదోని అవతలి పల్లె నుంచో, కళ్యాణదుర్గం వైపు నుంచో, జమ్మలమడుగు నుంచో వచ్చేవాళ్లు ఇది మొదటిరోజే చెప్పేస్తే ఏ మందు రాయాలన్నది కూడా మారొచ్చు.

## మందులు: ఎక్కువమందికి ఇదే దారి

సూదులు. ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్‌ను కిలో బరువుకు 1 మిల్లీగ్రాము లెక్కన 12 గంటలకోసారి ఇస్తారు. 60 కిలోల మనిషికి పూటకు 60 మిల్లీగ్రాములు. గడ్డ రాకుండా ముందు జాగ్రత్తకైతే సాధారణంగా రోజుకు 40 చాలు. ఆస్పత్రిలో ఒకసారి చూపిస్తే ఇంట్లో ఎవరైనా వేయొచ్చు. బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకుని, సూదిని నిలువుగా గుచ్చి, మందు మెల్లగా ఎక్కించి, సూది బయటికి తీశాకే మడత వదలాలి. నింపి వచ్చే సిరంజిలో కనిపించే గాలి బుడగను చూసి కంగారు పడొద్దు, మొత్తం డోసు వేస్తున్నప్పుడు దాన్ని బయటికి నెట్టక్కర్లేదు. వేశాక ఆ చోటును రుద్దకూడదు. రుద్దితే పెద్ద నల్లటి కమిలిన మచ్చ పడుతుంది, దాన్ని చూసి మందు పడలేదనుకుంటారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు డోసు తగ్గిస్తారు, లేదంటే ఆస్పత్రిలోనే ఉంచి మామూలు హెపారిన్‌ను సెలైన్‌లా ఎక్కిస్తారు. దానికి ఒక లాభం ఉంది. రక్తస్రావం మొదలైతే ఆపిన కొన్ని గంటల్లోనే దాని ప్రభావం దిగిపోతుంది. మందు ఇవ్వొచ్చా వద్దా అని అటూ ఇటూ ఊగే కేసుల్లో డాక్టర్లు దాన్ని ఎంచుకునేది అందుకే.

కొత్త మాత్రలు. రివరాక్సబాన్, అపిక్సబాన్. వీటికి నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదు, ఆకుకూరలతో పేచీ లేదు. పేటెంట్లు అయిపోయి జనరిక్‌లు వచ్చాక ధర కూడా బాగా దిగింది. రివరాక్సబాన్ మొదటి 21 రోజులు 15 మిల్లీగ్రాములు రెండు పూటలా, తర్వాత 20 ఒక్కపూట. అపిక్సబాన్ మొదటి 7 రోజులు 10 మిల్లీగ్రాములు రెండు పూటలా, తర్వాత 5 రెండు పూటలా.

ఇక్కడ మన ఇళ్లలో పట్టించుకోని సంగతి ఒకటుంది. రివరాక్సబాన్ 15, 20 మాత్రలను అన్నంతోనే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు, ఏకాదశి ఉపవాసాలు చేసేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. లేదంటే మాత్రను తినే పూటకు మార్చుకోవాలి. అపిక్సబాన్‌కు ఈ గొడవ లేదు, కానీ రెండు పూటలూ మర్చిపోకూడదు. నన్నడిగితే, ఉపవాసాలుండే అవ్వకు అపిక్సబాన్, రెండో పూట తప్పకుండా మర్చిపోయే మామకు రివరాక్సబాన్ (మొదటి 21 రోజులు మాత్రం రెండో పూట ఎవరైనా గుర్తుచేయాలి).

వార్ఫరిన్, ఎసిట్రోమ్. పాతవి, చవకైనవి, ఇప్పటికీ కావలసినవి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, గుండెలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే, రక్తం తేలిగ్గా గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు వీటివైపే మొగ్గుతారు. ఇవి పనిచేయడానికి రోజులు పడుతుంది కాబట్టి కనీసం 5 రోజులు సూదులతో కలిపి ఇస్తారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2కూ 3కూ మధ్య నిలబడాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. పాలకూర, తోటకూర, మునగాకు మానేయమని ఎవరైనా చెబితే పూర్తిగా మానొద్దు. వారంలో ఎంత తింటున్నారో అంతే నిలకడగా తింటే చాలు, మందు డోసును డాక్టర్ దానికి తగ్గట్టు సర్దుతారు. అసలు ప్రమాదం ఆకుకూర కాదు, మోకాళ్ల నొప్పికి ఊళ్లో వేయించుకునే డైక్లోఫెనాక్ సూది. ఏ రక్తం పలచబడే మందు మీద ఉన్నా దాన్ని వద్దనాలి.

మందు ఏదైనా కనీసం 3 నెలలు. వాపు తగ్గిందని నెలకే మానేయడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

## ఫిల్టర్: మందు ఇవ్వలేనప్పుడు

బట్ట ఊడిపోయి చువ్వలు మాత్రమే మిగిలిన చిన్న గొడుగును ఊహించుకోండి. లోహపు తీగలతో చేసిన అలాంటి వస్తువును మెడలోని సిర నుంచో, గజ్జల్లోని సిర నుంచో సన్నటి గొట్టంలో పంపి, పొట్టలోని పెద్ద సిరలో కిడ్నీల సిరలు కలిసే చోటుకు కొంచెం కింద విప్పుతారు. రక్తం చువ్వల మధ్య నుంచి పోతుంది, పెద్ద గడ్డ ముక్క చిక్కుకుంటుంది. మత్తు అక్కర్లేదు, గొట్టం పెట్టే చోట తిమ్మిరి సూది చాలు. క్యాథ్ ల్యాబ్‌లో స్కాన్ చూస్తూ సన్నటి గొట్టాలతో చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టో, రక్తనాళాల ఆపరేషన్లు చేసే వ్యాస్కులర్ సర్జనో, కార్డియాలజిస్టో వేస్తారు. 1960ల చివర్లో మొదట వచ్చినదాన్ని నిజంగానే గొడుగు అనే పిలిచేవారు. 1973లో గ్రీన్‌ఫీల్డ్ ఫిల్టర్ వచ్చింది. అవి శాశ్వతంగా లోపలే ఉండేవి. తీసేయడానికి వీలైనవి 2000 తర్వాతే బాగా వాడుకలోకి వచ్చాయి.

వినడానికి బాగుంటుంది. అందుకే అందరికీ వేస్తే ఏమవుతుందో ఫ్రాన్సులో చూశారు. గడ్డ ఉన్న 400 మందిని తీసుకుని, అందరికీ మందులిస్తూ సగంమందికి ఫిల్టర్ కూడా వేశారు. 1998లో వచ్చిన ఫలితాలివి: మొదటి 12 రోజుల్లో ఊపిరితిత్తుల్లో గడ్డ ఫిల్టర్ ఉన్నవాళ్లలో 1.1 శాతం, లేనివాళ్లలో 4.8 శాతం. ఇక్కడితో ఆపితే ఫిల్టర్ గెలిచినట్టే. కానీ రెండేళ్లు గడిచాక కాళ్లలో మళ్లీ గడ్డలు ఫిల్టర్ ఉన్నవాళ్లలో 20.8 శాతం, లేనివాళ్లలో 11.6 శాతం. చనిపోయినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2015లో తీసేసే రకం ఫిల్టర్లతో 399 మంది మీద మళ్లీ చేశారు. 3 నెలలకు ఊపిరితిత్తుల్లో గడ్డ తిరిగి వచ్చింది ఫిల్టర్ వేసినవాళ్లలో 3 శాతం మందికి, మందులు మాత్రమే వాడినవాళ్లలో 1.5 శాతం మందికి. అంటే మందు తీసుకోగలిగినవాళ్లకు ఫిల్టర్ అదనంగా చేసిన మేలు కనబడలేదు.

ఫిల్టర్ చేయనివి కూడా చెప్పుకోవాలి. కాలి వాపు తగ్గించదు. ఉన్న గడ్డను కరిగించదు. కొత్త గడ్డ పుట్టకుండా ఆపదు, పైగా ఎక్కువకాలం ఉంటే తానే ఒక కారణమవుతుంది. తీగ విరగడం, పక్కకు ఒరగడం, సిర గోడలోంచి బయటికి పొడుచుకురావడం, ఫిల్టర్ దగ్గరే సిర మూసుకుపోయి రెండు కాళ్లూ వాచిపోవడం, ఇవన్నీ తెలిసిన సమస్యలే. వార్డుల్లో తరచూ వినే ప్రశ్న ఇది: "సార్, ఫిల్టర్ వేశాక ఈ సూదులు ఆపేయొచ్చు కదా?" దానికి సరైన జవాబు: "సూదులు వేయలేకపోతున్నామనే ఫిల్టరమ్మా. రక్తం పోయే భయం తగ్గగానే సూదులు మొదలుపెడతాం, ఫిల్టర్ తీసేస్తాం."

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనూ, మళ్లీ 2014లోనూ ఈ హెచ్చరికే చేసింది: అవసరం తీరగానే తీయించండి. వాళ్ల లెక్క ప్రకారం వేసిన 29 నుంచి 54 రోజుల మధ్య తీసేయడం మేలు. మెడ సిర నుంచి వల లాంటి తీగ పంపి ఫిల్టర్ కొసనున్న కొక్కాన్ని పట్టుకుని బయటికి లాగుతారు. ఆలస్యమయ్యేకొద్దీ చువ్వల మీద కణజాలం పెరిగి అతుక్కుపోతుంది, అప్పుడు అనుభవమున్న పెద్ద సెంటర్ల దగ్గరికే పోవాలి.

## పంపు, సాక్సులు

కాళ్లకు సంచుల్లా తొడిగి గాలితో నొక్కుతూ వదులుతూ ఉండే పంపు మందు ఇవ్వలేని రోగికి గడ్డ రాకుండా పనికొస్తుంది. పక్షవాతంతో కదల్లేనివాళ్లలో కాలి గడ్డలు తగ్గాయని 2013లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. బిగుతు సాక్సులు మాత్రం అలాంటి రోగుల్లోనే పనిచేయలేదని 2009లో తేలింది. గడ్డ ఉందని తెలిశాక ఆ కాలికి పంపు పెట్టరు. వాచిన పిక్కకు నూనె రాసి మర్దన కూడా చేయించకూడదు.

## ఒక్కచూపులో

| చూడాల్సింది | సూదులు | కొత్త మాత్రలు | వార్ఫరిన్ | ఫిల్టర్ | పంపు |
|---|---|---|---|---|---|
| గడ్డ పెరగకుండా ఆపుతుందా | అవును | అవును | అవును | కాదు | కాదు |
| రక్తం పోతున్నప్పుడు వీలవుతుందా | కాదు | కాదు | కాదు | అవును | అవును, గడ్డ లేకపోతేనే |
| గర్భిణికి | మొదటి ఎంపిక | వద్దు | బిడ్డకు ప్రమాదం | అరుదుగా | అవసరాన్ని బట్టి |
| కిడ్నీ బాగా చెడితే | డోసు తగ్గించాలి | జాగ్రత్త | వాడొచ్చు | సిర కనబడేందుకు ఎక్కించే రంగు మందుతో జాగ్రత్త | ఇబ్బంది లేదు |
| మళ్లీ మళ్లీ రావాలా | కొంత | తక్కువ | ఐఎన్ఆర్ కోసం తరచూ | తీయించడానికి తప్పదు | ఆస్పత్రిలోనే |

## మీరు ఏ కోవలోకి వస్తారు

తొడ సిరలో గడ్డ, రక్తస్రావం ఏమీ లేదు. మాత్రలు. ఫిల్టర్ కోసం ఊరు దాటక్కర్లేదు. "ముందు జాగ్రత్తకు ఒకటి వేసేద్దాం" అని ఎవరైనా అంటే నేనైతే రెండో డాక్టర్ దగ్గరికి పోతాను.

గడ్డ ఉంది, తలలో రక్తస్రావం కూడా అయింది. ఫిల్టర్ పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. న్యూరో డాక్టర్ మందు మొదలుపెట్టొచ్చు అనేదాకా ఫిల్టర్ కాపలా. ఆ రోజు వచ్చాక రెండో అడుగు తీసేయడమే. కొత్తగా పెద్ద గడ్డ పడి, అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చినవాళ్లూ ఈ కోవలోకే వస్తారు.

44వ నంబరు హైవే మీద యాక్సిడెంట్, ఎముకలు విరిగాయి, గడ్డ ఇంకా లేదు. ఆస్ట్రేలియాలో తీవ్రంగా గాయపడి వెంటనే మందు ఇవ్వలేని 240 మంది మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. అందరికీ ముందే ఫిల్టర్ వేసేయడం వల్ల 90 రోజులకు ఊపిరితిత్తుల గడ్డ గానీ మరణాలు గానీ తగ్గలేదు. అయితే వారం దాటినా మందు మొదలుపెట్టలేకపోయిన కొద్దిమందిలో మాత్రం ఫిల్టర్ ఉన్న 46 మందిలో ఎవరికీ గడ్డ రాలేదు, లేని 34 మందిలో 5 గురికి వచ్చింది. చిన్న సంఖ్యలే, కానీ ఆలోచించాల్సినవే. కాబట్టి మొదట పంపు, రక్తం ఆగగానే తక్కువ డోసు సూదులు. వారం దాటినా మందుకు వీల్లేకపోతే అప్పుడు ఫిల్టర్ గురించి అడగండి. విరిగిన తొడకు పుత్తూరు కట్టు కట్టించుకుని ఇంట్లో మంచం మీదే ఉండేవాళ్లకు ఈ సూదులు గానీ పంపు గానీ ఏవీ అందవు. కట్టు సంగతి పక్కన పెడితే, ఈ ఒక్క విషయానికైనా డాక్టర్‌ను కలవాలి.

మందులు వాడుతున్నా మళ్లీ గడ్డ. ఫిల్టర్ కంటే ముందు అడగాల్సింది: మాత్రలు నిజంగా రోజూ వేసుకున్నారా, అన్నంతో వేసుకున్నారా, ఐఎన్ఆర్ ఎంత ఉంది, లోపల క్యాన్సర్ ఏమైనా దాగి ఉందా? చాలాసార్లు మాత్రల నుంచి సూదులకు మారిస్తే దారికొస్తుంది.

క్యాన్సర్ రోగులు. సూదులు గానీ, అపిక్సబాన్, రివరాక్సబాన్ గానీ. పొట్ట, పేగుల క్యాన్సర్ అయితే మాత్రలతో రక్తం పోయే అవకాశం ఎక్కువ, సూదులే మేలు.

గర్భిణులు. కాన్పు దాకా, తర్వాత కనీసం 6 వారాలు సూదులు, మొత్తం మీద 3 నెలలకు తగ్గకుండా. కాన్పు దగ్గరపడ్డాకే పెద్ద గడ్డ బయటపడితే ఫిల్టర్ ఆలోచిస్తారు, అదీ పెద్దాస్పత్రిలో.

## ఫిల్టర్ కాగితం మీద సంతకం పెట్టేముందు

మందు ఎందుకు ఇవ్వలేకపోతున్నారో ఒక్క వాక్యంలో చెప్పమనండి. ఇది తీసేసే రకమా, శాశ్వతమా అడగండి. తీసే తేదీ, తీసే డాక్టర్, ఏ ఊళ్లో అన్నది డిశ్చార్జి సమ్మరీ మీద రాయించుకోండి. ఆ సమ్మరీ పాలిథీన్ కవర్లో ఎక్స్‌రేలతో కలిసి బీరువా పైకి ఎక్కేస్తుంది కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇద్దరికి పంపండి, క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. కంపెనీ ఇచ్చే చిన్న ఇంప్లాంట్ కార్డును పర్సులో ఉంచుకోవాలి.

వేసే ఖర్చుతో పాటు తీసే ఖర్చు ఎంతో కూడా అప్పుడే అడగాలి. ప్రభుత్వ పథకం కింద వేయిస్తుంటే తీయించడం కూడా అందులో వస్తుందో లేదో కౌంటర్‌లోని ఆరోగ్యమిత్రను అడగండి, మాటకు బదులు కాగితం మీద చూపించమనండి. కర్నూలు పెద్దాస్పత్రి, అనంతపురం పెద్దాస్పత్రి, కడప రిమ్స్‌లలో ఎక్కడ చూపించుకుంటున్నా ఆ డాక్టర్‌కే ఈ కాగితాలు చూపించి, తీయడానికి మళ్లీ ఎక్కడికి పంపుతారో తేల్చుకోండి. కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా 200 కిలోమీటర్ల పైచిలుకే. వీలైతే వేసిన చోటే తీయించుకోవడం సులువు, ఏ రకం ఫిల్టరో వాళ్ల రికార్డులో ఉంటుంది.

## ఏళ్ల క్రితమే వేయించుకుని లోపలే ఉండిపోయినవాళ్లు

భయపడి రేపే పరుగెత్తక్కర్లేదు. కొందరికి, ఉదాహరణకు ఎప్పటికీ మందు తీసుకోలేనివాళ్లకు, అది లోపలే ఉండాలి. మిగతావాళ్లు పాత కాగితాలతో వ్యాస్కులర్ డాక్టర్‌నో, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టునో కలిస్తే, పొట్ట ఎక్స్‌రేనో సీటీనో తీసి ఫిల్టర్ నిటారుగా ఉందా, తీగలు విరిగాయా, చుట్టూ గడ్డ ఉందా చూస్తారు. ఏళ్ల తర్వాత కూడా తీసిన సందర్భాలున్నాయి. తీయడంలో ఉన్న ప్రమాదం ఉంచడంలో ఉన్న ప్రమాదం కంటే ఎక్కువైతే వదిలేస్తారు. ఎంఆర్ఐకి వెళ్తే ముందే టెక్నీషియన్‌కు చెప్పండి. ఇప్పటి ఫిల్టర్లలో చాలావాటితో ఎంఆర్ఐ చేయొచ్చు, కానీ ఏ రకమో వాళ్లకు తెలియాలి. ఫిల్టర్ ఉన్నా లేకున్నా, మందు వాడుతున్నా మానేసినా, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం వస్తే పొద్దున దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, కాలి గడ్డ ఉన్న మనిషి అని మొదటి మాటలోనే చెప్పండి.